కర్ర మీది తీగ, దంటు మీది తీగ

ఇరవై రకాల బీన్ విత్తనాలు తీసుకుని, ఒక్కో రకాన్ని రెండేసి పొట్లాలు కట్టి, ఒక పొట్లాన్ని పొలానికి ఒక పక్కన ఒంటరిగానూ రెండోదాన్ని మరో పక్కన మొక్కజొన్న సాళ్లలోనూ విత్తామనుకుందాం. నేల ఒకటే, వాన ఒకటే, వేసిన ఎరువూ ఒకటే. కాయలు ఎండాక రెండు పక్కలా గింజ తూచి, ఎక్కువ ఇచ్చిన రకం పైన, తక్కువ ఇచ్చినది కింద వచ్చేలా రెండు జాబితాలు రాస్తే ఆ రెండింటిలో పేర్లు ఒకే వరుసలో ఉంటాయా? మొక్కజొన్న పక్కన బీన్ దిగుబడి పడిపోతుందని ఏ రైతునడిగినా చెబుతాడు. నీడ పడుతుంది, వేళ్ల దగ్గర పోటీ ఉంటుంది, సగానికి సగం తగ్గినా ఆశ్చర్యపోనక్కర్లేదు. తెలుసుకోవాల్సింది తగ్గుదల ఎంతన్నది కాదు, వరుస మారుతుందా లేదా అన్నది. మారకపోతే బ్రీడరు మొక్కజొన్న జోలికే పోకుండా, శుభ్రంగా ఒంటరి మళ్లలోనే మంచి రకాన్ని ఎంచి రైతు చేతికివ్వొచ్చు. రైతు దాన్ని ఎక్కడ వేసుకున్నా అదే మంచి రకం. మారితే మాత్రం ఒంటరి మడిలో చేసిన ఎంపిక జంట పంట వేసే రైతుకు పనికొచ్చే రకాన్ని మొదట్లోనే పారేసి ఉండొచ్చు. 1970ల నుంచి లాటిన్ అమెరికా బీన్ బ్రీడర్లను తిప్పలు పెట్టిన ప్రశ్న ఇది. ఔననో కాదనో ఒక్క మాటలో తేల్చాలని చూసినవాళ్లంతా ఇబ్బంది పడ్డారు. నా ఉద్దేశంలో జవాబు బీన్ మొక్క కట్టుబడిలోనే ఉంది. పొదగా పెరిగే బీన్‌కు ఒక జవాబు, తీగగా పాకే బీన్‌కు మరో జవాబు. తీగ విషయానికొస్తే మంచి బీన్‌ను ఎంచడం అనే పని తనంత తానుగా పూర్తికాదు, మంచి జంటను ఎంచాల్సి వస్తుంది.

ముందు పేరు గొడవ ఒకటి తీర్చుకోవాలి. మన పెరటి పందిళ్ల మీద పాకే చిక్కుడు వేరే మొక్క. ఇక్కడ బీన్ అంటున్నది రాజ్‌మా గింజనిచ్చే మొక్కను. లేతగా కోసినప్పుడు కూరగాయల బజారులో బీన్స్ పేరుతో అమ్ముడయ్యేదీ అదే. దాని పుట్టిల్లు అమెరికా ఖండాలు. మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతంలో ఒకసారి, ఆండీస్ కొండల్లో మరోసారి, దేనికది విడిగా మచ్చికైంది. మొక్కజొన్న కూడా ఆ చుట్టుపక్కలదే: దక్షిణ మెక్సికోలోని బాల్సాస్ నదీలోయలో టియోసింటే అనే గడ్డి నుంచి సుమారు 9,000 ఏళ్ల కిందట రూపుదిద్దుకుంది. పశ్చిమ మెక్సికోలోని హలిస్కోలో అడవి బీన్ తీగ ఈనాటికీ టియోసింటే కాడను చుట్టుకుని పెరుగుతూ కనిపిస్తుంది. కాబట్టి ఈ రెండింటికీ పెళ్లి చేసింది రైతని అనలేం, పెళ్లయిన జంటనే ఇంటికి తెచ్చుకున్నాడనాలి. మెక్సికో రైతు మిల్పా అని పిలిచే చేలో మొక్కజొన్న, బీన్, గుమ్మడి కలిసి పెరుగుతాయి. ఉత్తర అమెరికాలో ఇరోక్వా ప్రజలు ఈ మూడింటినీ ముగ్గురు అక్కచెల్లెళ్లని పిలుచుకున్నారు. ఈ నేపథ్యం చెప్పడం పాత పద్ధతుల మీద మమకారంతో కాదు. తీగ అనే రూపమే బీన్‌కు సహజం, ఒంటరిగా నిలబడే పొద రూపం తర్వాత వచ్చింది. ఆ సంగతి గుర్తుంటేనే ముందు చెప్పబోయే లెక్కలు అర్థమవుతాయి.

కొలంబియాలో కాలీ నగరం దగ్గర పల్మీరాలో 1967లో మొదలైన అంతర్జాతీయ ఉష్ణమండల వ్యవసాయ కేంద్రాన్ని సియాట్ అంటారు. ప్రపంచంలోని బీన్ విత్తన నమూనాలు దాదాపు 37,000 అక్కడి నిల్వలో ఉన్నాయి. అక్కడి శాస్త్రవేత్తలు బీన్ మొక్కలను పెరిగే తీరును బట్టి నాలుగు తరహాలుగా విడగొట్టారు. మొదటి తరహా మొక్క కాండం చివర పూగుత్తితో ఆగిపోతుంది, ఇక పైకి పెరగదు. ఇది అసలైన పొద. రెండోది కొస ఆగకపోయినా నిటారుగా నిలబడేది. మూడోది నేల మీద వాలి అల్లుకునేది. నాలుగోది ఊతం దొరికితే రెండు మూడు మీటర్లు ఎక్కే తీగ. మొదటి తరహాకు కారణం ఒక జన్యువు చెడిపోవడం. కొసను పెరుగుతూనే ఉంచే ఆ జన్యువు పనిచేయకపోతే కొస పూవుగా మారి పెరుగుదల నిలిచిపోతుంది. రైతు చేతిలో ఈ మార్పు ఒకసారి కాదు, పలుసార్లు విడివిడిగా తలెత్తిందని జన్యు పరిశీలనలు చెబుతున్నాయి. ఎక్కడెక్కడ బీన్‌ను ఊతం లేకుండా పండించాలనుకున్నారో అక్కడ ఈ లోపమే గుణమైంది. ఇరవయ్యో శతాబ్దంలో యంత్రాలు వచ్చాక అదే కోరిక మరింత గట్టిపడింది. అమెరికాలోని మిషిగన్‌లో మిషలైట్ అనే తీగసాగే బీన్ విత్తనాలకు ఎక్స్ కిరణాలు తగిలించి, అందులోంచి వచ్చిన పొద మొక్కను ఆధారం చేసుకుని 1956లో సానిలాక్ అనే రకాన్ని విడుదల చేశారు. ఒంటరి పంటకు బీన్‌ను మలచడం అంటే దాన్ని సహచరి అవసరం లేని మొక్కగా మార్చడమే. ఆ పని అద్భుతంగా సాగింది. మిగిలిన రైతుల సంగతే వెనకబడింది.

జంట పంటలో ఏం జరుగుతుందో చూడాలంటే మనకు బాగా తెలిసిన జొన్న–కంది జంటను పక్కన పెట్టుకుని చూడటం మేలు. పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ పరిశోధన సంస్థలో రాబర్ట్ విల్లీ బృందం 1970ల చివర్లో ఈ జంటను లోతుగా పరిశీలించింది. జొన్న మూడు నెలల్లో కోతకొస్తుంది. కంది మొదట్లో మెల్లగా, దాదాపు కదలనట్టే పెరిగి, జొన్న కోసేశాక ఖాళీ అయిన వెలుగునూ నేలలో మిగిలిన తేమనూ వాడుకుని ఆరు నెలలకు కాయ ఇస్తుంది. రెండూ ఒకే చేలో ఉన్నా ఒకే సమయంలో ఆకలిగొనవు. మొక్కజొన్న పక్కన బీన్‌కు ఈ వెసులుబాటు లేదు. రెండూ ఒకేసారి విత్తితే, చాలా పొద బీన్ రకాలు మొక్కజొన్న ఆకులు కమ్ముకుని నీడ చిక్కబడే వేళకే పూతకొస్తాయి. మొక్కజొన్న ఎత్తుగా ఉండటమే కాదు, ఎండను పిండిగా మార్చుకోవడంలో దాని యంత్రాంగం బీన్ కంటే వేడిలో, మండుటెండలో బాగా పనిచేస్తుంది. కింద ఉన్న బీన్‌కు చక్కెర తగ్గితే కాయే కాదు, వేరు బుడిపెల్లోని బాక్టీరియాకు కూడా తిండి తగ్గి నత్రజని పట్టడం పడిపోతుంది. అసలే బీన్ మిగతా పప్పుజాతులతో పోలిస్తే నత్రజని పట్టడంలో కాస్త బద్ధకస్తురాలు. కాబట్టి కందికి కాలం చేసిపెట్టిన సాయాన్ని బీన్‌కు బ్రీడరు చేసిపెట్టాలి. పొద బీన్ విషయంలో ఆ సాయం ఏమిటో ఊహించడం కష్టం కాదు. నీడ కమ్మకముందే పూత ముగించడమో, నీడలోనూ పూత రాల్చకుండా నిలుపుకోవడమో కావాలి. వీటిలో మొదటిది ఒంటరి మడిలోనూ కంటికి కనిపిస్తుంది. పైగా ఒంటరి మడిలో బాగా కాయడానికి కావాల్సిన రోగనిరోధకత, గింజ నిండే శక్తి వంటివి నీడలోనూ అక్కరకొస్తాయి. పొద బీన్ మొక్కజొన్నకు తిరిగి చేసే కీడు కూడా స్వల్పం. అది కింద పడి ఉంటుంది, భరిస్తుంది.

తీగ బీన్ భరించే రకం కాదు. మొలకెత్తిన కొద్ది రోజులకే దాని కొస గాలిలో వలయాలు తిరగడం మొదలెడుతుంది. పందొమ్మిదో శతాబ్దంలో చార్లెస్ డార్విన్ ఎక్కే మొక్కలను గంటల తరబడి కనిపెట్టి చూసి, బీన్ కొస సుమారు రెండు గంటలకు ఒక చుట్టు తిరుగుతుందని లెక్కగట్టాడు. పైనుంచి చూస్తే గడియారం ముల్లుకు ఎదురుదిక్కుగా తిరుగుతుంది. అలా తిరుగుతూ తిరుగుతూ ఏదైనా సన్నని నిలువు వస్తువు తగిలితే ఇక వదలదు, అదే దిక్కులో చుట్టుకుంటూ ఎగబాకుతుంది. తగిలింది వెదురు కర్రయితే కథ సులువు: కర్ర పెరగదు, నీడనివ్వదు, నీళ్లు తాగదు, బరువెక్కితే మొరాయించదు. తగిలింది మొక్కజొన్న దంటయితే, అది తీగ కంటే వేగంగా పెరుగుతుంటుంది. తీగ కొస దంటు కొసను అందుకోలేకపోతే నీడలోనే పూస్తుంది. అందుకుని దాటిపోతే దంటు ఆకుల మీద తన ఆకులు పరిచి, ఇప్పుడు మొక్కజొన్నకే నీడ పెడుతుంది. కాయలు నిండేసరికి ఆ బరువంతా దంటు మీదే. గాలివాన వస్తే రెండూ కలిసి ఒరుగుతాయి. సియాట్ వర్గీకరణలో నాలుగో తరహాను మళ్లీ రెండుగా చీల్చింది ఇందుకే: కాయలు తీగ పొడవునా కింది నుంచి పై దాకా వచ్చేవి ఒకటి, ఎక్కువ కాయలు కొస వైపే వచ్చేవి మరొకటి. కర్ర మీద ఈ తేడా పెద్ద విషయం కాదు. దంటు మీద మాత్రం కొసన కాసే తీగకు వెలుగులో కాసే అవకాశం ఉంది, దంటును పైనుంచి వంచే ప్రమాదమూ ఉంది. ఒకే లక్షణం ఒకచోట తటస్థం, మరోచోట లాభమూ నష్టమూ. వరుసలు తారుమారు కావడానికి ఇంతకంటే పెద్ద కారణం అక్కర్లేదు.

1978లో చార్లెస్ ఫ్రాన్సిస్, ఆయన సహచరులు సియాట్‌లో చేసిన ప్రయోగాల మీద రెండు జంట వ్యాసాలు ప్రచురించారు. ఒకటి పొద బీన్ మీద, ఒకటి తీగ బీన్ మీద. ప్రశ్న రెండింటిలోనూ ఒకటే, ఒంటరిగా వేసినప్పుడూ మొక్కజొన్నతో వేసినప్పుడూ రకాల తీరు మారుతుందా అని. రెంటినీ విడదీసి అడగడంలోనే సగం విజ్ఞత ఉంది. ఆ తర్వాత బ్రెజిల్‌లో, స్పెయిన్‌లో, కెనడాలో కూడా ఇదే ప్రశ్నను వేర్వేరు బీన్ జనాభాలతో పరీక్షించారు. ఆ ఫలితాలన్నీ ఒక మూసలో ఒదగవు. వాటిని చదవడానికి ఒక తాళంచెవి కావాలి. అది 1952లో ఎడిన్‌బరోలో పనిచేసిన డగ్లస్ ఫాల్కనర్ ఇచ్చాడు. రెండు పరిసరాల్లో కొలిచిన ఒకే లక్షణాన్ని రెండు వేర్వేరు లక్షణాలుగా భావించమన్నాడు ఆయన. ఒంటరి మడిలో దిగుబడి ఒక లక్షణం, జంట మడిలో దిగుబడి ఇంకో లక్షణం. ఇక ప్రశ్న ఒక్కటే: మొదటిదాన్ని చూసి ఎంచితే రెండోది ఎంత మెరుగవుతుంది? అందుకు మూడు సంగతులు తెలియాలి. ఒంటరి మడిలో కనిపించే తేడాల్లో జన్యువుల వాటా ఎంత, జంట మడిలో ఎంత, రెండు చోట్లా పనిచేసే జన్యువులు ఎంతవరకు ఒకటే.

అంకెలతో చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. ఇవి లెక్క కోసం అనుకున్న అంకెలే. ఒంటరి మడిలో దిగుబడి తేడాల్లో జన్యువుల వాటా 0.64, జంట మడిలో 0.36 అనుకుందాం. జంట మడిలో వాటా తక్కువగా ఉండటం మామూలే. అక్కడ దిగుబడులన్నీ కుంచించుకుపోయి రకాల మధ్య తేడా కనబడదు, పైగా పక్కనున్న మొక్కజొన్న ఒకచోట ఏపుగా మరోచోట పలచగా ఉండి ఇంకో గందరగోళం కలుపుతుంది. లెక్కలో వాడేది ఈ వాటాల వర్గమూలాలు: 0.8, 0.6. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే 0.75. రెండు చోట్లా పనిచేసే జన్యువుల పోలిక, అంటే జన్యు సహసంబంధం, 0.75 దాటితే జంట పంట కోసం కూడా ఒంటరి మడిలో ఎంచడమే లాభం. తగ్గితే జంట మడిలోనే ఎంచాలి. ఈ లెక్కలో ఒక వింత దాగుంది. పోలిక సంపూర్ణంగా లేకపోయినా ఒంటరి మడే గెలవొచ్చు, ఎందుకంటే అక్కడ కొలత స్పష్టంగా ఉంటుంది. జంట పంట కోసం ఎంపికంతా జంట పంటలోనే జరగాలన్న మాట వినడానికి న్యాయంగా ఉన్నా లెక్కకు ప్రతిసారీ నిలవదు. పొద బీన్‌కు సంబంధించి నేనీ లెక్కను పూర్తిగా ఒప్పుకుంటాను: నిటారుగా, త్వరగా కాసే పొద రకాలను ఒంటరి మళ్లలో ఎంచుకుని, చివర్లో మిగిలిన కొన్నింటిని మాత్రం మొక్కజొన్న పక్కన సరిచూసుకుంటే సరిపోతుంది.

ఇక్కడే గట్టి అభ్యంతరం ఒకటి ఎదురవుతుంది. తీగ బీన్‌లలో కూడా రెండు జాబితాలకూ మధ్య పోలిక చెప్పుకోదగినంత కనిపించిన ప్రయోగాలున్నాయి కదా, మరి వాటికి వేరే దారి ఎందుకు, రెట్టింపు ఖర్చెందుకు అని. దీనికి జవాబు ఆ పోలిక ఎక్కడి నుంచి వస్తోందో చూడటంలో ఉంది. ఇరవై రకాల్లో ఐదారు ఆ నేలకు, ఆ వాతావరణానికి, అక్కడి తెగుళ్లకు ఏమాత్రం తట్టుకోలేనివి ఉంటే అవి రెండు చోట్లా అట్టడుగునే ఉంటాయి. అట్టడుగున అవి కదలకుండా కూర్చోవడం వల్లే మొత్తం పోలిక పెద్దదిగా కనిపిస్తుంది. బ్రీడరుకు పని పడేది ఆ చివర కాదు. పైన నిలిచిన నాలుగైదు రకాల్లో ఏది మొదటిది, ఏది ఐదోది అన్నది తేల్చాలి. వాటిని విడదీసి చూస్తే పోలిక చాలావరకు సడలిపోవచ్చు. బడిలో అందరు పిల్లలనూ కలిపి చూస్తే లెక్కల మార్కులకూ సైన్సు మార్కులకూ పొత్తు బాగానే కుదురుతుంది. మొదటి పదిమందినే తీసుకుంటే వాళ్లలో లెక్కల్లో మొదటివాడు సైన్సులో ఎక్కడుంటాడో చెప్పలేం. అందుకని ఖర్చు గురించిన మాటకు కూడా మధ్యేమార్గం దొరుకుతుంది. మొదటి తరాల్లో తెగుళ్ల వడపోత, గింజ రంగూ పరిమాణమూ చూసే వడపోత ఎక్కడ చేసినా ఒకటే, చౌకగా చేయొచ్చు. తీగ ఊపు, కాయలు వచ్చే ఎత్తు, దంటును పట్టుకునే తీరు వంటివాటి మీద తీర్పు చెప్పే దశ వచ్చాక మాత్రం కర్రలు పీకేసి మొక్కజొన్న వేయక తప్పదు. కర్ర మీద చూసి తీగ ఊపును మెచ్చుకునేవాడు దంటు మీద అదే ఊపు ఏం చేస్తుందో చూడకుండానే మార్కులు వేస్తున్నాడు.

అసలు చిక్కు ఇంకా ముందుంది. ఇంతసేపూ బీన్ గింజనే తూచాం. జంట మడిలో ఇంకో పంట కూడా ఉంది కదా. దాన్ని తూచకపోతే, మొక్కజొన్నను బాగా అణిచేసిన తీగే బహుమతి కొట్టేస్తుంది. రెండింటినీ కలిపి తూచడానికి విల్లీ, గణాంకవేత్త రోజర్ మీడ్ కలిసి 1980లో వివరించిన కొలత ఇప్పటికీ వాడుకలో ఉంది: జంటగా వచ్చిన ఒక్కో పంట దిగుబడిని, అదే పంట ఒంటరిగా ఇచ్చే దిగుబడితో భాగించి, రెండు భాగఫలాలనూ కలపడం. ఒంటరిగా హెక్టారుకు 5 టన్నులిచ్చే మొక్కజొన్న జంటలో 4.5 ఇస్తే 0.9, ఒంటరిగా 2 టన్నులిచ్చే బీన్ జంటలో 0.8 ఇస్తే 0.4. మొత్తం 1.3. అంటే జంట పంట ఒక ఎకరంలో ఇచ్చేది విడివిడిగా పండించాలంటే 1.3 ఎకరాలు కావాలి. చక్కని కొలతే, కానీ రకాలను ఎంచేటప్పుడు అది కాళ్లకు అడ్డం పడుతుంది. ఒంటరిగా 1.2 టన్నులు, జంటలో 0.6 టన్నులు ఇచ్చే మరో బీన్ ఉందనుకోండి. దాని భాగఫలం 0.5. మొక్కజొన్న మీద రెండింటి ప్రభావమూ సమానమైతే ఈ కొలత రెండో బీన్‌నే మెచ్చుకుంటుంది. రైతు ఇంటికి వచ్చేది మాత్రం 200 కిలోలు తక్కువ. ఒంటరిగా పనికిమాలినదైతే జంటలో గొప్పగా కనబడుతుందన్నమాట. కాబట్టి రకాల మధ్య పోటీలో భాగించే అంకె అన్నిటికీ ఒకటే ఉండాలి, అంటే ఒంటరిగా అన్నిటికంటే మేలైన బీన్ దిగుబడి. ఈ జాగ్రత్త తీసుకోక తప్పుదారి పట్టడం చాలా తేలిక.

పక్క మొక్కకు చేసే మేలుకీడులు కూడా జన్యువుల్లో రాసి ఉంటాయన్నది 1967లో బ్రూస్ గ్రిఫింగ్ లెక్కల్లో పెట్టిన ఆలోచన. ప్రతి జీవికీ తన దిగుబడి మీద ఒక ప్రభావం, తన సహచరి దిగుబడి మీద మరో ప్రభావం ఉంటాయి. ఒక్కొక్కదాన్ని విడిగా చూసి ఎంచితే మొదటిదే పెరుగుతుంది, రెండోది దిగజారిపోవచ్చు. దీనికి కళ్లకు కట్టే ఉదాహరణ మొక్కల్లో కాక కోళ్లలో దొరికింది. అమెరికాలో పర్‌డ్యూ విశ్వవిద్యాలయానికి చెందిన విలియం మ్యూర్ ఎక్కువ గుడ్లు పెట్టే ఒక్కో పెట్టను కాకుండా, అక్కాచెల్లెళ్లయిన పెట్టలుండే గూడు మొత్తంగా ఎలా ఉందో చూసి ఎంచాడు. గూళ్లలో ఒకదాన్నొకటి పొడుచుకు చచ్చే ఆ కోళ్లలో ఏడాది మరణాలు రెండో తరంలో 68 శాతం ఉండగా కొద్ది తరాల్లోనే 8.8 శాతానికి పడ్డాయని 1996లో ప్రకటించాడు. మొక్కజొన్న–బీన్ మడిలో కూడా గూడు అంటే ఆ మడి మొత్తం. బీన్ బ్రీడరు పుస్తకంలో పూత తేదీ, తెగులు మార్కు, కాయల లెక్క, గింజ బరువు అని గళ్లుంటాయి. అదే మడిలోని కండెల బరువుకు, ఒరిగిన దంట్ల లెక్కకు కూడా గళ్లుండాలి. తీగ బీన్‌కు ఆ రెండు గళ్లూ తక్కినవాటితో సమానం.

ఇంకో అభ్యంతరం ఇంతకంటే బరువైనది. మొక్కజొన్న అంటే ఏ మొక్కజొన్న, ఎప్పుడు విత్తింది, ఎంత దూరంలో? ఊరూరికీ మారే జంటలన్నిటికీ ఎవరు బ్రీడింగ్ చేస్తారు? గ్వాటెమాలా, హొండురాస్, దక్షిణ మెక్సికోల్లో ఒక పద్ధతి చూస్తే ఈ అభ్యంతరం ఎంత నిజమో తెలుస్తుంది. తొలకరికి వేసిన మొక్కజొన్న కండె ముదిరాక, రైతు ఒక్కో దంటును కండెకు కాస్త కింద పట్టుకుని వంచేస్తాడు. దంటు విరిగి తలకిందులుగా వేలాడుతుంది. పొట్టు గొడుగులా మారి వాన నీరు కండెలోకి దిగకుండా జారిపోతుంది, ఆకులు ఎండి సాళ్ల మధ్య వెలుగు పడుతుంది. అప్పుడు, ఆగస్టు–సెప్టెంబరుల్లో, దంట్ల మొదట్లో బీన్ గింజలు నాటుతాడు. ఇక్కడ మొక్కజొన్న బతికున్న పోటీదారు కాదు, కండె మోస్తున్న కర్ర. ఈ రైతుకు కావాల్సిన తీగ నీడను ఓర్చుకోనక్కర్లేదు, వానలు ఆగేలోపు గబగబా కాస్తే చాలు. అంటే ఇక్కడికి కర్రల మడిలో ఎంచిన రకమే దాదాపు సరిపోతుంది! ఒకే దేశంలో, ఒకే కొండ మీద, మే నెలలో కలిపి విత్తే రైతుకు మాత్రం అదే రకం అక్కరకు రాదు. కాబట్టి అన్ని జంటలకూ బ్రీడింగ్ సాధ్యం కాదన్న మాట నిజమే. కానీ అందులోంచి దేనికీ చేయనక్కర్లేదని తేలదు. జంటలు వందలున్నా, మొక్కకు ఎదురయ్యే పరిస్థితులు మూడో నాలుగో: నీడ కింద పొద, పోటీలో తీగ, ఎండు దంటు మీద తీగ, కర్ర మీద తీగ. పరీక్షించాల్సింది ఈ మూడు నాలుగింటిలోనే.

మిగతా సూక్ష్మమైన ఎంపిక రైతులకు వదిలేయవచ్చు, వాళ్లు చేయగలరు కూడా. 1980ల చివర్లో రువాండాలో మానవశాస్త్రవేత్త లూయీజ్ స్పెర్లింగ్, అక్కడి జాతీయ పరిశోధన సంస్థ, సియాట్ కలిసి బీన్ పండించడంలో ఊళ్లో పేరున్న ఆడవాళ్లను పరిశోధన క్షేత్రంలోకి పిలిచి, ఇంకా విడుదల కాని రకాల్లోంచి తమకు కావాల్సినవి ఎంచుకోమన్నారు. వాళ్లు ఎంచుకెళ్లిన రకాలు వాళ్ల సొంత చేలల్లో పాత విత్తన మిశ్రమాలను ఎక్కువసార్లు మించిపోయాయి. తన చేలో ఆ విత్తనం ఏ నేల మీద, దేని పక్కన పడుతుందో ఆ ఇల్లాలికి తెలుసు. బ్రీడరుకు తెలిసే వీలు లేదు. కంటికి కనిపించని సంగతులు మాత్రం పరిశోధన క్షేత్రంలోనే తేలాలి. పెన్సిల్వేనియాలో జొనథన్ లించ్ బృందం 2014లో ముగ్గురు అక్కచెల్లెళ్ల వేళ్లను కొలిచి, ఎరువు తక్కువగా ఉన్న నేలలో ఒక్కో పంట వేళ్లు ఒక్కో లోతులో వెతకడం వల్లే కలిపి వేసినప్పుడు లాభం వస్తోందని చూపింది. భాస్వరం పైమట్టిలో ఉంటుంది, నైట్రేటు వాన నీటితో కిందికి దిగుతుంది. పై పొరల్లో విస్తరించే బీన్ వేరు, లోతుకు దిగే మొక్కజొన్న వేరు మంచి జోడీ. ఇలాంటి బీన్‌ను ఆకూ కాయా చూసి ఏ రైతూ గుర్తుపట్టలేడు.

ఇంత శ్రమ ఎందుకు, లోకమంతా ఒంటరి పంట వైపే పోతోంది కదా అనేవాళ్లు రువాండానే ఉదాహరణగా చూపుతారు. నిజమే. మెక్సికోలోని చియాపాస్ కొండల్లో తియోపిస్కా అనే ఊరి తీగ బీన్ ఒకటి సియాట్ నిల్వ నుంచి రువాండా చేరి, ఉముబానో పేరుతో విడుదలై, కర్రల మీద పొద బీన్ కంటే రెండు మూడు రెట్లు కాయగల తీగలకు దారి తీసింది. భూమి తక్కువ, జనం ఎక్కువ ఉన్న దేశానికి పైకి పెరిగే పంట వరమైంది. కానీ హెక్టారుకు 50,000 దాకా కర్రలు కావాలి. కొండలన్నీ దున్నేసిన దేశంలో అంత కర్ర ఎక్కడిది? తీగ బీన్ విస్తరణకు అక్కడ అన్నిటికంటే పెద్ద అడ్డంకి కర్రల కొరతే. మొక్కజొన్న దంటు తిండిగింజ కూడా ఇచ్చే కర్ర. యంత్రాల కాలంలో జంట పంటకు చోటు లేదన్న మాటా అంత గట్టిది కాదు. జర్మనీలో పశువుల పాతర గడ్డి కోసం మొక్కజొన్నను, తీగ బీన్‌ను కలిపి విత్తి, ఒకే యంత్రంతో ఒకేసారి నరికేస్తున్నారు. అక్కడి బ్రీడర్ల తలనొప్పి వేరు: పచ్చి బీన్ గింజలో ఉండే ఫేసిన్ అనే విషపదార్థాన్ని తగ్గించడం. ఇది దూరదేశాల సంగతే కాదు: మన దగ్గర చింతపల్లి, అరకు మన్యంలో రాజ్‌మా ఉంది. జమ్మూలోని భదర్వా వంటి హిమాలయ లోయల్లో అది మొక్కజొన్నతోనే కలిసి పెరుగుతుంది.

ఇంతదూరం వచ్చాక జంటలో రెండోవాడి సంగతి తేలలేదని పాఠకులకు అనిపించే ఉంటుంది. బీన్ పరిశోధన పల్మీరాలో సియాట్‌ది, మొక్కజొన్న పరిశోధన మెక్సికో నగరం దగ్గర తెష్కోకోలో సిమిట్ అనే మరో సంస్థది. మొక్కజొన్న బ్రీడరు మళ్లల్లో బీన్ ఉండదు. అతను కోరేది పొట్టి దంటు, నిక్కిన ఆకు, దగ్గరదగ్గరగా నాటినా ఒరగని మొక్క. ఒంటరి పంటకు అవన్నీ మంచి లక్షణాలే. వాటిలో నిక్కిన ఆకు కింది బీన్‌కు కాస్త వెలుగునిచ్చి మేలే చేస్తుంది. పొట్టి దంటు మాత్రం తీగకు సగంలోనే అయిపోయే నిచ్చెన. మూడు మీటర్లు ఎక్కగల తీగ రెండు మీటర్ల దంటు చివరికి వచ్చాక కొస మళ్లీ గాలిలో చుట్లు తిరుగుతుంది. పట్టుకోవడానికి పైన ఏమీ దొరకదు. పక్క సాలులోని తీగ కొస తగిలితే దానికే మెలిక వేస్తుంది. అలా సాలుకూ సాలుకూ మధ్య పైన ఒక పందిరి అల్లుకుని, దాని కింద కండెల పీచు నల్లబడి, గాలి ఆడక బీన్ కాయలకు మచ్చ తెగులు పడుతుంది. ఆ మడిలో బీన్ రకానికి సున్నా వేయాలా, మొక్కజొన్న రకానికి వేయాలా అన్నదానికి రెండు సంస్థల పుస్తకాల్లో దేనిలోనూ గడి లేదు.